మా పాత్రల షోకేస్: అరను మోసేది ఏమిటో చూసి కొనండి

తిరుపతిలో కాపురం అంటే దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. ఉండేది నలుగురమే అయినా మా ఇంట్లో ముప్పై తట్టలు, పెద్ద సట్టిలు, అమ్మమ్మ నాటి పీంగాణీ జాడీలు ఉన్నాయి. వాటికోసమే 2019లో గాజు తలుపుల షోకేస్ కొన్నాం.

కొత్తలో నేను అందరికీ గొప్పగా చెప్పింది, అరల ఎత్తు మార్చుకోవచ్చనే. పక్క పలకల్లో వరసగా రంధ్రాలు, వాటిలో గుచ్చే ప్లాస్టిక్ బుడిపెలు, వాటి మీద అర. జాడీలు పెట్టాలంటే ఒక అర పైకి జరిపితే చాలు. మూడేళ్లు అలాగే హాయిగా వాడుకున్నాం.

రెండేళ్లు ఏకాంతంగా జరిగిన బ్రహ్మోత్సవాలు 2022లో మళ్లీ మాడ వీధుల్లో జరిగాయి. ఆ ఏడాది మా ఇంటికి పద్నాలుగు మంది వచ్చారు. గరుడ సేవ మరుసటి రోజు రాత్రి, కడిగిన తట్టలన్నీ తుడిచి మధ్య అరలో దొంతులు పెట్టి పడుకున్నాను. ఒంటిగంట దాటాక ఇల్లు అదిరేలా చప్పుడైంది. లైటు వేస్తే మధ్య అర ఒక పక్కకు ఒరిగి, కింది అర మీద పడి ఉంది. గాజు తలుపు పగిలింది. రెండు జాడీల్లో ఒకటి ముక్కలైంది. ఆ షోకేస్ ముందే చాప మీద మా పిన్ని మనవరాలు పడుకుంది. గాజు ముక్కలు దాని దుప్పటి మీద దాకా వచ్చాయి. దేవుడి దయ, ఒక్క గీత కూడా పడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ.

మరునాడు వడ్రంగి ఆచారి వచ్చి చూపించాడు. మూడడుగుల పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక) అర బరువుకి నడుమ కుంగింది. కుంగిన కొద్దీ అంచులు బుడిపెల కొసకు జారి, బరువంతా ఆ కొస మీదే పడింది. ఒక బుడిపె విరిగింది, ఇంకొకటి రంధ్రాన్ని పొడిపొడి చేసుకుని ఊడొచ్చింది. అమ్మినవాళ్లను అడిగితే ‘బరువు ఎక్కువ పెట్టారు’ అన్నారు. ఎంత బరువు పెట్టొచ్చో కొన్నప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఆచారి ప్లైవుడ్ అర కోసి, రెండు పక్కలా, వెనకా రీపులు కొట్టి దాన్ని వాటి మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు గట్టిగా ఉంది కానీ ఎత్తు మార్చుకునే వీలు పోయింది. నేను అంత మెచ్చుకున్నది అదే.

గాజు తలుపుల వల్ల దుమ్ము పడదు, ఏ గిన్నె ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, అది నిజం. కప్పులు, గాజు గ్లాసుల వరకైతే ఇలాంటిది సరిపోతుందేమో. మాలాగా స్టీలు, ఇత్తడి ఎక్కువుంటే మాత్రం నేను కొనమని చెప్పలేను. సొంత ఇల్లయితే గోడలోనే కడప రాయి అరలు పెట్టించుకునేదాన్ని. మాది అద్దె ఇల్లు.

మిగిలిన జాడీని అమ్మ మళ్లీ ఆ షోకేస్‌లో పెట్టనివ్వలేదు. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన నేల మీదే ఉంది.