36 పీపాల తుపాకీ మందు, చేతిలో ఒక లాంతరు

మా అమ్మాయి వాళ్ళు ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటారు. పోయిన నవంబరు 5న పక్క మైదానంలో మంట వేసి, గడ్డి బొమ్మని కాలుస్తుంటే ఎనిమిదేళ్ళ మనవడు వీడియో కాల్‌లో చూపించాడు. "అమ్మమ్మా, వీడు నరకాసురుడా?" అన్నాడు. కాదు నాన్నా, గై ఫాక్స్ అని చెప్పాను గానీ అంతకు మించి చెప్పలేకపోయాను. ఈసారి అక్టోబరులో వెళ్ళినప్పుడు ఆ కథ జరిగిన చోట్లన్నీ చూసి తీరాలనుకున్నాను.

కథ తెలియనివారికి రెండు ముక్కల్లో. 1605లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్. ప్రొటెస్టెంటు. కేథలిక్కులు ప్రొటెస్టెంటు చర్చి పూజకు రాకపోతే నెలకు 20 పౌండ్లు జరిమానా అనే చట్టం అప్పటికే ఉంది. కొత్త రాజు కాస్త కనికరిస్తాడని ఎదురుచూస్తే, 1604లో కేథలిక్ ఫాదర్లను దేశం వదిలి పొమ్మన్నాడు. దాంతో రాబర్ట్ కేట్స్‌బీ అనే పెద్దింటి కుర్రాడు ఇంకొందరిని కూడగట్టాడు. నవంబరు 5న, పార్లమెంటు మొదలయ్యే రోజున రాజుతో సహా సభనంతా పేల్చేయాలని పథకం. సభ కింది గదిలో 36 పీపాల మందు పేర్చి, కట్టెలు, బొగ్గు కప్పి, కాపలాకి ఫాక్స్‌ని పెట్టారు. "ఆ రోజు సభకు వెళ్ళకు" అని మాంటీగిల్ ప్రభువుకి ఆకాశరామన్న ఉత్తరం ఒకటి రావడంతో గుట్టు బయటపడింది.

లండన్‌తో మొదలుపెట్టాం. ఆ మందు పెట్టిన గది ఇప్పుడు లేదు. 1834లో మంటలు పాత భవనాన్ని చాలావరకు మింగేశాయి. కానీ వెస్ట్‌మిన్‌స్టర్ హాలు బతికింది, కుట్రదారుల్ని విచారించింది అక్కడే. పార్లమెంటు టూరు టిక్కెట్టు తీసుకుంటే దాన్ని చూడవచ్చు. ఆ రాతి నేల మీద నిలబడి పైన చెక్క కప్పు చూస్తుంటే మాట రాలేదు. టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోటకి టిక్కెట్టు 30 పౌండ్లు పైమాటే. ఫాక్స్‌ని ప్రశ్నించిన ఇల్లు లోపలే ఉంది గానీ మామూలు టిక్కెట్టుతో అందులోకి పోనివ్వరు. వేక్‌ఫీల్డ్ టవర్ కింద చిత్రహింసల యంత్రాల నమూనాలున్నాయి. చిత్రహింసల తరవాత అతను పెట్టిన సంతకం ఫొటో నేను ముందే చూశాను. వంకరపోయి, సగంలో ఆగిపోయిన గీతలు. ఆ యంత్రాల ముందు అదే గుర్తొచ్చింది.

లండన్ బస మాత్రం నచ్చలేదు. లిఫ్టు ఉందని బుకింగ్‌లో రాశారు, వెళ్ళాక లేదన్నారు. మావారు మోకాళ్ళ నొప్పులతో మూడో అంతస్తు ఎక్కారు. పెద్దవాళ్ళు వెళ్తుంటే ముందు ఫోన్ చేసి మరీ కనుక్కోండి.

యార్క్ వేరే లోకం. లండన్ నుంచి రైల్లో రెండు గంటలు. ఫాక్స్ పుట్టిన ఊరు. 1570 ఏప్రిల్ 16న బాప్తిస్మం జరిగిన చర్చి, మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి పక్కనే ఉంది. బార్ కాన్వెంట్‌లో దిగాం. 1686 నుంచీ సిస్టర్లు ఉంటున్న చోటు, అతిథులకు గదులిస్తారు. స్టేషనుకి దగ్గర, శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిను కడుపు నిండా పెట్టారు. లోపలి ప్రార్థనాలయం గోపురం వీధిలోకి కనపడకుండా మామూలు ఇంటి కప్పు కింద దాచి కట్టారు. అంటే కుట్ర జరిగి నూటయాభై ఏళ్ళు దాటాక కూడా ఆ భయం పోలేదు!

అన్నిట్లోకీ మనసులో నిలిచింది హార్వింగ్టన్ హాల్. కిడెర్‌మిన్‌స్టర్ స్టేషన్ నుంచి టాక్సీలో వెళ్ళాం. చుట్టూ నీళ్ళ కందకం, ఎర్ర ఇటుకల ఇల్లు. ఫాదర్లు దాక్కోవడానికి కట్టిన రహస్య స్థలాలు ఈ ఒక్క ఇంట్లోనే ఏడున్నాయి. గైడు ఒక గదిలో గోడకున్న నిలువు దూలం మీద చెయ్యి వేసి తోసింది. అది తలుపులా తిరిగింది! వెనక చీకటి సందు. ఇంకోచోట మెట్లే మూతలా పైకి లేస్తాయి. ఫాదర్ని ఇంట్లో దాచినందుకు ఉరి పడే రోజులవి. గుమ్మాల్లో తలలు వంచాలి, మెట్లు ఇరుకు. మావారు పై అంతస్తుకి రాకుండా కింద టీ గదిలో కూర్చున్నారు.

ఆ దూలం నికొలస్ ఓవెన్ అనే వడ్రంగి పనితనమంటారు. కుట్ర బయటపడ్డాక అక్కడికి దగ్గర్లోని హిండ్లిప్ ఇంటిని సోదా చేస్తే, ఓవెన్, ఇంకొకతను నాలుగు రోజులు ఒక్క యాపిల్ పండుతో సందులో దాక్కుని, ఆకలికి తాళలేక బయటకొచ్చారు. ఓవెన్ టవర్‌లో హింసలకే చనిపోయాడు. తను కట్టిన చోట్ల గురించి నోరు విప్పలేదు. అతను కుట్రలో లేడు. పదమూడు మంది చేసిన పనికి అతని వంటివాళ్ళు ఎందరో మూల్యం కట్టారు. సభలో ఉన్న అందర్నీ చంపాలనుకోవడం ఘోరం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ ఇరుకు సందు చూడకుండా టవర్ ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది.

చివరిగా మనవణ్ణి వెంటబెట్టుకుని ఆక్స్‌ఫర్డ్. రెడింగ్ నుంచి రైల్లో అరగంట. ఆష్మోలియన్ మ్యూజియానికి టిక్కెట్టు లేదు. ఫాక్స్ పట్టుబడ్డప్పుడు అతని దగ్గరున్న లాంతరు అక్కడుంది. 1641లో యూనివర్సిటీకి ఇచ్చారు. ఇనప రేకుతో చేసింది, తుప్పు రంగు. లోపలి గొట్టాన్ని తిప్పితే వెలుగు పూర్తిగా మూసుకుపోతుందట. వాడు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. యాపిల్ సంగతి వాడికి అక్కడే చెప్పాను.

హార్వింగ్టన్ ఏడాది పొడుగునా తీసి ఉండదు, తేదీలు చూసుకుని వెళ్ళండి. ఒక్కరోజే వీలైతే లండన్ వదిలేసి అక్కడికే వెళ్ళమంటాను.