వన్‌టౌన్ పాతసామాన్ల కొట్టులో జపాన్ త్సుబాలు: కొనేముందు చూడాల్సినవి

వైజాగ్‌లో పాత జపాన్ కత్తుల త్సుబాలని చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, భూతద్దం పెట్టి పరీక్షించి కొనుక్కోగలిగే చోటు నాకు తెలిసి ఇదొక్కటే. కురుపాం మార్కెట్ దాటాక లోపలి సందులో ఉంటుంది. పేరు రాయొద్దని యజమాని పెద్దాయన గట్టిగా చెప్పారు. "పేరు పెట్టకు బాబూ, ఫొటోల కోసం వచ్చే జనంతో నా పని సాగదు" అన్నారు, ఆ మాట గౌరవిస్తున్నాను. పాత ఓడ సామాన్ల కొట్టు ఎక్కడని మార్కెట్లో అడిగితే చూపిస్తారు. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. త్సుబా అంటే జపాన్ కత్తిలో అలుగుకీ పిడికీ మధ్య ఉండే లోహపు పలక. చెయ్యి జారి అలుగు మీదకి పోకుండా ఆపుతుంది, కత్తి బరువుని చేతికి అనువుగా సర్దుతుంది. పెద్ద కత్తివైతే ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటాయి, వాకిజాషి అనే చిన్న కత్తివి ఇంకా చిన్నవి. ఊడదీసి మార్చుకోగలిగే భాగం కాబట్టి ఒకే అలుగు తన జీవితంలో ఎన్నో త్సుబాలు చూస్తుంది, ఒకే త్సుబా ఎన్నో అలుగులు చూస్తుంది. 1876లో జపాన్‌లో మేజీ చక్రవర్తి ప్రభుత్వం కత్తి కట్టుకుని బయట తిరగడాన్ని నిషేధించాక ఇవి విడివిడిగా అమ్ముడై యూరప్‌కీ అమెరికాకీ కుప్పలుగా వెళ్లిపోయాయి. అందుకే నిజమైన ఎదో కాలపు (షోగున్లనే సైనిక పాలకులు ఏలిన 1603-1868 నాటి) ఇనుప త్సుబా ఈనాటికీ మామూలు ఉద్యోగి కొనుక్కోగలిగే ధరలో దొరుకుతోంది.

కొట్టు విషయానికొస్తే, పెద్దాయన నాన్నగారి కాలం నుంచీ ఓడల్లో పనిచేసేవాళ్ల దగ్గర సామాన్లు కొనేవారట. దిక్సూచులు, ఇత్తడి లాంతర్లు, ఓడ గడియారాల మధ్య ఒక అద్దాల బీరువాలో అడుగు రెండు అరలూ త్సుబాలవి. అలుగులు అమ్మరు, అడగొద్దు కూడా. వచ్చిన చిక్కల్లా ఏంటంటే అసలైనవీ, యుద్ధకాలం నాటి సైనిక కత్తులవీ, గోడకి తగిలించుకునే బొమ్మకత్తుల పోత పలకలూ అన్నీ ఒకే అరలో, ఒకే రకం చీటీతో ఉంటాయి: "సమురాయ్ కత్తి పలక, 400 సంవత్సరాలు". ఆ చీటీని పట్టించుకోకండి. పెద్దాయన మోసం చెయ్యరు, అడిగితే "నాకు ఓడ సామాను తెలుసు బాబూ, ఇవి నాకంత తెలీవు, నువ్వే సూసుకో" అని చెప్పేస్తారు. కానీ అడగనివాళ్లకి ఆ చీటీయే మిగులుతుంది. అదే నేను తగ్గించిన ఒక్క మార్కు.

కాబట్టి చూడడం మనకి రావాలి. చాలామంది ముందు బొమ్మ చూస్తారు, తర్వాత సంతకం చూస్తారు, అప్పుడే కళ్లు చెదిరిపోతాయి. నేను ఎప్పుడూ నడిమి కన్నం నుంచి మొదలుపెడతాను. కత్తి తోక దూరే ఆ కన్నాన్ని నకాగో-అనా అంటారు, పైన అలుగు పదును వైపు సన్నగా, కింద వెన్ను వైపు వెడల్పుగా మేకులాంటి ఆకారంలో ఉంటుంది. నిజంగా కత్తికి ఎక్కిన త్సుబా అయితే కొత్త అలుగుకి బిగించడానికి కన్నం చుట్టూ ఉలితో కొట్టిన గుర్తులుంటాయి, పైనా కిందా రాగి ముక్కలు కూర్చి ఉంటాయి. వాటిని సెకిగానే అంటారు. రెండు మూడు అలుగులకి మారినదైతే ఆ రాగిని మళ్లీ మళ్లీ రాపిడి పట్టి సర్దిన ఆనవాళ్లు కూడా కనిపిస్తాయి. కన్నం చుట్టూ కోలగా ఉండే సెప్పా-దాయ్ అనే చోట సన్నని వాషర్లు నొక్కుకున్న మెరుపు తేడా కూడా చూడండి. ఈ గుర్తుల్లేనంత మాత్రాన నకిలీ అని కాదు, బహుమతిగా ఇచ్చి పెట్టెలో దాచినవీ, ఎప్పుడూ కత్తికి ఎక్కనివీ ఉన్నాయి. కానీ గుర్తులుంటే మాత్రం మీకు సగం టెన్షన్ తగ్గినట్టే.

నడిమి కన్నానికి అటూ ఇటూ చిన్న కన్నాలు ఉండొచ్చు. ముందు వైపు నుంచి చూస్తే ఎడమది అర్ధచంద్రంలా ఉంటుంది, ఒర పక్కన పెట్టుకునే చిన్న చాకుది. కుడిది మూడు రేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది, జుట్టు సర్దుకునే కోగాయ్ అనే పుల్లది. తర్వాతి యజమానికి అవి అక్కర్లేకపోతే సీసంతోనో, వేరే లోహంతోనో పూడ్చేవాళ్లు. బొమ్మకత్తుల పలకల్లో ఈ కన్నాలు అందం కోసం ఎక్కడబడితే అక్కడ, చాకు దూరని కొలతల్లో ఉంటాయి. ఈ బీరువాలోనే అలాంటివి చాలా చూశాను, కన్నం ఒక్కటి చూసి పక్కన పెట్టేశాను.

తర్వాత ఇనుము. పాత ఇనుప త్సుబా కొలిమిలో కాల్చి సుత్తితో సాగగొట్టినది. అంచు చుట్టూ వేలు పోనిస్తే కొన్నిటిలో గట్టి కణుపులు తగులుతాయి, ఇనుములో గట్టిదనం తేడాల వల్ల ఏర్పడిన వీటిని తెక్కోత్సు అంటారు, ఓవారి ప్రాంతపు జాలీ త్సుబాల్లో వీటికోసమే వెతికేవాళ్లున్నారు. జాలీ పని ఉన్నదైతే లోపలి గోడలు తప్పకుండా చూడాలి, అసలు పని తెలిసేది అక్కడే. చేత్తో రంపం పెట్టి కోసి ఆకురాయితో రాసిన గోడ తిన్నగా, శుభ్రంగా ఉంటుంది. పోతదైతే గోడ మధ్యలో సన్నని అతుకు గీత కనబడుతుంది, మూలల్లో చిన్న చిన్న గాలి బుడగల గుంటలుంటాయి, అంచులు మెత్తబడినట్టు ఉంటాయి. భూతద్దం మీరే పట్టుకెళ్లండి, పదిరెట్లు పెంచేది చాలు. కొట్టులో ఉన్నది గీతలుపడి పనికిరాదు. ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దగ్గరకి తీసుకెళ్లి చూస్తానంటే పెద్దాయన అడ్డు చెప్పరు. "సూసుకో, తొందరేటి" అంటూ స్టూలు కూడా వేస్తారు. ఆన్‌లైన్‌లో నాలుగు ఫొటోలు చూసి డబ్బు కట్టేవాడికి ఈ భాగ్యం ఎక్కడిది?

ఇనుము కాని వాటి దగ్గర నాకు నిజంగా బాధ కలిగింది. జపాన్ పనివాళ్లు రాగిలో కొద్ది శాతం బంగారం కలిపి షాకుడో అనే లోహం చేశారు. రంగు తెచ్చే ద్రావణంలో ఉడికిస్తే దానికి నీలిఛాయ తిరిగే నలుపు వస్తుంది. రాగిలో నాలుగో వంతు దాకా వెండి కలిపితే షిబుయిచి, బూడిద రంగు. గోతో వంశంవాళ్లు షోగున్ల కొలువులో తరతరాలు పనిచేసింది ప్రధానంగా షాకుడో, బంగారాలతోనే. చేపగుడ్ల వరసలా ఉండే ననాకో అనే చుక్కల నేల మీద బంగారు బొమ్మలు పొదిగేవారు, ఒక్కో చుక్కా విడిగా ఉలిదెబ్బ. ఆ నలుపు మురికి కాదు, అదే పనితనం. మన ఇళ్లలో రాగిచెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమితే ఆ పొర పోయి ఎర్ర రాగి బయటపడుతుంది, మళ్లీ అదే రంగు తెప్పించడం ఇక్కడ ఎవరివల్లా కాదు. ఈ బీరువాలో ఒక మంచి షాకుడో ముక్కకి సరిగ్గా అదే జరిగింది. కొట్టులో కుర్రాడు పండక్కి ఇత్తడి లాంతర్లతో పాటు దాన్నీ తళతళలాడించాడు. పెద్దాయనకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత త్సుబాలు తోమడం ఆపేశారు, మేకుకి గుత్తిగా వేలాడదీసే వాటిని కూడా ఇప్పుడు విడివిడిగా నూలుగుడ్డలో చుట్టి ఉంచుతున్నారు. చెప్తే వినే వ్యాపారి దొరకడం మామూలు విషయం కాదు.

సంతకాల గురించి కచ్చితంగా చెబుతాను: ఇక్కడే కాదు, ఎక్కడైనా సరే, సంతకం చూసి డబ్బు పెంచి ఇవ్వకండి. జపాన్‌లో హికోనే ఊరి సోతెన్ అనే పనివాడి పేరు చెక్కిన త్సుబాలు ప్రపంచమంతా దొరుకుతాయి, చైనా వీరులూ రుషులూ చెట్లూ వంతెనలూ అన్నీ జాలీలో కిక్కిరిసి ఉంటాయి. అందులో అత్యధికం ఆయన చేతివి కావు, ఆ పద్ధతిలో తర్వాతివాళ్లు చేసినవి. నోబుయియె అనే ఇంకో పనివాడి పేరుదీ అదే కథ. ఇక్కడా సోతెన్ పేరున్నది ఒకటుంది, దానికి మిగతావాటి కన్నా మూడు నాలుగు రెట్లు చెబుతున్నారు. పని బాగానే ఉంది, ఎదో చివరికాలపు మంచి పనే, కానీ ఆ ధర పేరుకి, ముక్కకి కాదు. దాని పక్కనే సంతకం లేని గుండ్రటి ఇనుపది, చక్రం ఆకుల జాలీది ఏడెనిమిది వేలలో వచ్చింది. కన్నం, రాగి ముక్కలు, లోపలి గోడలు అన్నీ నిలబడ్డాయి. నేను తీసుకున్నది అదే, రోజూ చూసినా విసుగు రావడం లేదు.

సైనిక కత్తుల పలకలు ఈ ఊళ్లో ఎక్కువ కనిపించడం సహజం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, ఆ తర్వాత బర్మా యుద్ధంలో పోరాడిన మన సైనికులు, లొంగిపోయిన జపాన్ అధికారుల కత్తులు జ్ఞాపకంగా తెచ్చుకున్నారు. 1934, 1938 నమూనాల సైన్యం కత్తుల త్సుబా ఇత్తడిది, చెర్రీ పువ్వులు ఉబ్బెత్తుగా ఉంటాయి, ఒర పట్టీ మీట కోసం ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. నౌకాదళానిది సాదాగా ఉండి, పక్కన సూర్యకిరణాల గీతలున్న పెద్ద వాషరు ఉంటుంది. వీటికి చరిత్ర ఉంది, సేకరించేవాళ్లూ ఉన్నారు. కాకపోతే వాటి వయసు ఎనభై తొంభై ఏళ్లు, 400 కాదు, ధర ఆ లెక్కన ఇవ్వండి. మీ తాతగారి కత్తి ఇంట్లో ఉంటే దాన్ని విడగొట్టి పలక ఒక్కటే అమ్మకండి, మొత్తం కలిసి ఉంటేనే దాని కథ నిలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం నేను కొనలేకపోయిన ఒక నాన్‌బాన్ త్సుబా. రెండు డ్రాగన్లు తీగల మధ్య మెలికలు తిరుగుతూ ఒక ముత్యం కోసం ఎదురుపడతాయి, ఇనుము మీద సన్నగా గళ్లు గీసి బంగారు రేకు అద్దిన నునోమే పని అక్కడక్కడా ఇంకా మెరుస్తోంది. మన దేశపు కత్తుల మీద కోఫ్త్‌గరి పని చూసినవాళ్లకి ఆ పద్ధతి వెంటనే తెలుస్తుంది. చైనా, యూరప్ సరుకు చూసి జపాన్ పనివాళ్లు అలవాటు చేసుకున్న శైలి ఇది. 1641 నుంచి రెండు శతాబ్దాలకి పైగా జపాన్‌లో వ్యాపారానికి అనుమతి ఉన్న యూరప్‌వాళ్లు డచ్చివాళ్లు మాత్రమే, అదీ నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో. అదే డచ్చి కంపెనీకి మన భీమిలిలో స్థావరం ఉండేది, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల్లో జపాన్ చేరి సరస అనే పేరుతో అపురూపంగా చెలామణి అయ్యాయి. భీమిలి బీచికి వెళ్లినప్పుడు ఆ సమాధుల దగ్గర ఒకసారి ఆగండి, ఈ త్సుబా మనకి అంత పరాయిది కాదనిపిస్తుంది.

కాగితాల సంగతి. జపాన్‌లో 1948లో ఏర్పడిన కత్తుల పరిరక్షణ సంఘం ఎన్‌బీటీహెచ్‌కే పరిశీలించి ధ్రువపత్రాలు ఇస్తుంది, ఇప్పటి పద్ధతిలో హోజోన్, తోకుబెత్సు హోజోన్ అనే మెట్లున్నాయి. 1982కి ముందు ఇచ్చిన పాత పత్రాలని జాగ్రత్తగా చూడాలని అనుభవం ఉన్న సేకర్తలు అంటారు. ఈ కొట్టులో దేనికీ ఏ పత్రమూ లేదు. కొనుక్కుని తర్వాత జపాన్ పంపి తెప్పించుకుందాం అనుకోకండి: మన 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువుని మనంతట మనం దేశం దాటించడానికి వీల్లేదు. అందుకే పత్రం కావాలంటే ముందే పత్రం ఉన్నది కొనుక్కోవాలి, లేదంటే ఇక్కడ కళ్లనీ వేళ్లనీ నమ్ముకోవాలి. రసీదు అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. త్సుబా ఫొటో కూడా రసీదుకి జత చేయించుకోండి.

కొన్నాక అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే మన ఉప్పుగాలి ఇనుముకి బద్ధశత్రువు. నల్లగా, నున్నగా ఉన్న పాత తుప్పు పొర త్సుబాకి రక్ష, దాన్ని ముట్టుకోకూడదు. పొడిపొడిగా రాలే ఎర్ర తుప్పు మాత్రం ఆపాలి. జపాన్‌లో జింక కొమ్ము ముక్కతో నెమ్మదిగా గీకుతారు, మన దగ్గర అది చట్టవిరుద్ధం, సన్నగా చెక్కిన ఎముక ముక్కో వెదురు పుల్లో చాలు. ఆ తర్వాత పొడి నూలుగుడ్డతో రోజూ కాసేపు రుద్దితే నెలల మీద మెరుపు దానంతటదే వస్తుంది. యాసిడ్, తుప్పు వదిలించే ద్రావణాలు, గీకే పీచు వద్దేవద్దు. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, వానాకాలంలో అది మార్చడం మరిచిపోకండి. సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో గోడకి తగిలిస్తే ఒక్క వానాకాలానికే తేడా తెలుస్తుంది.

ఫోన్‌పే తీసుకుంటారు, కార్డులు తీసుకోరు. మొదట చెప్పిన ధర మీద కొంచెం తగ్గుతారు, గట్టిగా బేరమాడితే మాత్రం నొచ్చుకుంటారు, చదివినవాడు ఏ ముక్క ఎందుకు తక్కువో చూపిస్తే వింటారు. బండి మార్కెట్ బయట పెట్టుకుని నడిచి రండి, సందులో చోటు లేదు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు. గుమ్మంలో ఎండ పడేది ఉదయం పూటే కాబట్టి త్సుబాలు చూడాలనుకుంటే అప్పుడే వెళ్లండి. ఆ నాన్‌బాన్ ముక్క త్సుబాల రెండు అరల్లో పైదాంట్లో ఎడమ చివర ఉంది, ధర అందేవాళ్లెవరైనా ఉంటే దాన్ని మంచి ఇంటికి తీసుకెళ్లండి, దయచేసి తోమకండి.