"ఫుల్ బ్యాండ్" ఎస్‌డీఆర్ పెట్టె కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

"100 కిలోహెర్ట్జ్ నుంచి 1.7 గిగాహెర్ట్జ్ దాకా, మధ్యలో గ్యాప్ లేకుండా అన్నీ వినొచ్చు" అంటూ ఆన్‌లైన్‌లో ఒక నల్ల రేకు పెట్టె అమ్ముతున్నారు. రెండు యాంటెన్నా సాకెట్లు, ఒక యూఎస్‌బీ కేబులు, చిన్న మాగ్నెట్ యాంటెన్నా ఇస్తారు. స్కానర్ అని కొందరు, ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్‌తో నడిపే రేడియో రిసీవర్) అని కొందరు పేరు పెడుతున్నారు. నేను కొన్నది విజయవాడలో వాడటానికి. అమ్మిన షాపు పేరు ఇక్కడ రాయను. అదే పెట్టె నాలుగైదు పేర్లతో తిరుగుతోంది కాబట్టి పేరు కంటే గుర్తులు తెలియడమే మీకు ఉపయోగం.

ముందు అసలు సంగతి. ఈ పెట్టెల లోపల ఉండేది ఒకప్పుడు కంప్యూటర్‌లో టీవీ చూడటానికి వచ్చిన డాంగిలే. సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఆర్‌టీఎల్2832యూ చిప్, దాని పక్కన కావాల్సిన ఫ్రీక్వెన్సీని ఎంచుకునే ఆర్820టీ2 ట్యూనర్. 2012లో కొందరు ఔత్సాహికులు ఈ చిప్ నుంచి ముడి సిగ్నల్ లాగొచ్చని కనిపెట్టారు. అప్పట్నుంచీ తక్కువ ఖర్చులో రేడియో వినేవాళ్లకి ఇది వరమే, కాదనను. కానీ ఆ ట్యూనర్ పనిచేసేది సుమారు 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ మధ్య. అంటే మీడియం వేవ్, షార్ట్ వేవ్ వినాలంటే వేరే ఏర్పాటు కావాలి. మోసమంతా ఆ ఏర్పాటు దగ్గరే ఉంది.

సరైన పద్ధతి అప్‌కన్వర్టర్: కింది ఫ్రీక్వెన్సీని పైకి జరిపి ట్యూనర్‌కి అందిస్తుంది. చవక పద్ధతి డైరెక్ట్ శాంప్లింగ్: ట్యూనర్‌ని పక్కనపెట్టి సిగ్నల్‌ని నేరుగా చిప్‌లోకి పంపడం. నాకు అమ్మినవాళ్లు "లోపల అప్‌కన్వర్టర్ ఉంది, టీసీఎక్స్ఓ ఉంది, బయాస్ టీ ఉంది" అని రాశారు. టీసీఎక్స్ఓ అంటే వేడి మారినా ఫ్రీక్వెన్సీ జారనివ్వని క్రిస్టల్. బయాస్ టీ అంటే యాంటెన్నా దగ్గరి ఆంప్లిఫయర్‌కి అదే కేబులు ద్వారా కరెంటు పంపే ఏర్పాటు. నాలుగు స్క్రూలు విప్పి చూస్తే అప్‌కన్వర్టర్ జాడే లేదు. యాంటెన్నా సాకెట్ నుంచి సన్నని ఎనామిల్ తీగ ఒకటి చిన్న కాయిల్ మీదుగా వచ్చి చిప్ కాలికి అతికి ఉంది. సోల్డరింగ్ కూడా అదోరకంగా, పక్క కాలికి తగిలీ తగలనట్టు ఉంది. టీసీఎక్స్ఓ చోట 28.800 అని రాసున్న మామూలు వెండి రంగు డబ్బా క్రిస్టల్. బయాస్ టీ సంగతి మల్టీమీటర్ తేల్చేసింది. సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేసినా సాకెట్ మీద సున్నా వోల్టులు.

డైరెక్ట్ శాంప్లింగ్ అంటేనే దొంగ సరుకని కాదు. పేరున్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ3 డాంగిల్‌లోనూ షార్ట్ వేవ్‌కి అదే పద్ధతి, తయారుచేసేవాళ్లు ఆ పరిమితిని బాహాటంగానే చెబుతారు. దాచిపెట్టి, అప్‌కన్వర్టర్ పేరుతో ఎక్కువ ధర గుంజడం మీదే నా ఫిర్యాదు.

పెట్టె విప్పకుండా తేల్చుకునే పద్ధతి ఒకటుంది. చిప్ సిగ్నల్‌ని సెకనుకి 2.88 కోట్ల సార్లు (అంటే 28.8 మెగాహెర్ట్జ్) కొలుస్తుంది కాబట్టి, అందులో సగమైన 14.4 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీలు కాగితం మడిచినట్టు మడతపడతాయి. కింద ఉన్న స్టేషన్ పైన కూడా కనిపిస్తుంది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది కదా. 28.8లోంచి అది తీసేస్తే 27.963 మెగాహెర్ట్జ్. షార్ట్ వేవ్ సాకెట్‌కి పొడుగు వైరు తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో షార్ట్ వేవ్ వినే మోడ్‌లోనే ఉంచి అక్కడికి ట్యూన్ చేయండి. మా ఇంట్లో అక్కడ ప్రాంతీయ వార్తలు గంట కొట్టినట్టు వినిపించాయి! నిజమైన అప్‌కన్వర్టర్ ఉంటే ఇలా జరగదు. హైదరాబాద్‌వాళ్లు 738కి బదులు 28.062 దగ్గర, విశాఖవాళ్లు 927కి బదులు 27.873 దగ్గర చూసుకోవచ్చు.

దీనివల్ల నష్టం ఏంటంటే, 13.57 నుంచి 13.87 మధ్య వచ్చే షార్ట్ వేవ్ స్టేషన్లు సరిగ్గా 15 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పడతాయి. అక్కడ అసలు స్టేషన్లూ ఉంటాయి. రెండూ కలిసిపోయి వినిపిస్తుంటే, మీరు ఏ దేశం వింటున్నారో మీకే తెలియదు. "గ్యాప్ లేదు" అన్న మాటకి అర్థం ఇదన్నమాట. 14.4 నుంచి 24 దాకా వచ్చేదంతా సగం నీడలే.

ఇక రెండో సాకెట్. విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎంలో సాగుతాయి. గన్నవరం వైపు వచ్చే విమానాలు నిజంగానే వినిపించాయి, అది ఒప్పుకోవాలి. కానీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) కాస్త పెంచితే ఎఫ్ఎం స్టేషన్ల పాటలు వాటి బ్యాండ్ దాటి ఇటు వచ్చేశాయి. చిప్ కొలత ఎనిమిది బిట్లే, అంటే బలమైన సిగ్నల్ పక్కన బలహీనమైనదాన్ని పట్టుకునే శక్తి తక్కువ, ముందు ఫిల్టరేమీ లేదు, ఊళ్లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ల జోరు ఎలా తట్టుకుంటుంది? 88–108 బ్యాండ్‌ని ఆపే ఫిల్టర్ విడిగా కొని తగిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. ఇచ్చిన బుల్లి యాంటెన్నా టీవీ కోసం చేసింది. 125 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం పొడవున్న యాంటెన్నా, అంటే 60 సెంటీమీటర్లది కావాలి.

మామూలు క్రిస్టల్ వేడెక్కితే దాని ఫ్రీక్వెన్సీ జారుతుంది. 50 పీపీఎం (పది లక్షలకి 50 పాళ్లు) తేడా అంటే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వాడే 145.800 మెగాహెర్ట్జ్ దగ్గర 7 కిలోహెర్ట్జ్ పక్కకి. మాటలకి వాడే సన్న (నారో) ఎఫ్ఎంలో అంత జరిగితే మాట పోయి గరగర మిగులుతుంది. షాపువాళ్లకి ఇదంతా రాస్తే మొదట "యాంటెన్నా ఎత్తులో పెట్టండి సర్" అన్నారు, తర్వాత "డ్రైవర్ మార్చండి" అన్నారు. ఈలోపు రిటర్న్ గడువు అయిపోయింది. కాబట్టి పెట్టె చేతికొచ్చిన రోజే పై పరీక్ష చేసి, స్క్రీన్ రికార్డింగ్ దాచుకోండి.

ప్రకటనలో ఉన్న మరో రెండు ఎరల గురించి. "ఎన్ఓఏఏ ఉపగ్రహాల నుంచి వాతావరణ ఫోటోలు" అని ఇంకా రాస్తున్నారు. ఎన్ఓఏఏ అంటే అమెరికా వాతావరణ సంస్థ. 137 మెగాహెర్ట్జ్‌లో అలా ఫోటోలు పంపిన 15, 18, 19 నంబర్ల ఉపగ్రహాలు మూడూ 2025లో శాశ్వతంగా సేవ నుంచి తప్పుకున్నాయి. రష్యా మెటియోర్ ఉపగ్రహాలు పట్టుకోవచ్చు, కానీ అది వేరే డీకోడింగ్. ఇక "పోలీస్ మాటలు వినొచ్చు" అనేది మరీ దారుణం. ఎన్‌క్రిప్ట్ చేసిన డిజిటల్ రేడియోని ఈ పెట్టె విప్పలేదు, విప్పాలని చూడటం నేరం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమైనా, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టమైనా రేడియో పరికరాలు దగ్గర పెట్టుకోవడానికి అనుమతి అడిగేవే. వినడానికే కదా అని వాకీటాకీ కొనేవాళ్లు మరీ జాగ్రత్త, అది ప్రసారం కూడా చేస్తుంది. ఇష్టం గట్టిగా ఉంటే హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు పరీక్ష రాయండి.

కొనకముందు షార్ట్ వేవ్ రుచి చూడాలంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్‌ని (ఇంటర్నెట్ ద్వారా వినే ఎస్‌డీఆర్) బ్రౌజర్‌లో ఉచితంగా వినొచ్చు. బోర్డు ఫోటో పంపమని అమ్మేవాళ్లని అడగండి. పంపనంటే వదిలేయండి. నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఈలోగా ఆ లిస్టింగ్ మాయమై, అదే పెట్టె నీలం రంగులో "ప్రో" అన్న పేరుతో మళ్లీ కనిపించింది. ఫోటోలో హెచ్ఎఫ్ (షార్ట్ వేవ్) అని రాసిన సాకెట్ ఎడమవైపు, వీయూ (వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్) అని రాసింది కుడివైపు ఉంటే అది ఇదే.