కిరీటం మీద నాలుగు గుండ్లు

ఇంగ్లండ్‌లో ఒక దుకాణం ఆయన అల్మరాలోంచి తీసి నా చేతిలో పెట్టింది పాత వేట తుపాకీ, పన్నెండు బోరు డబుల్ బారెల్ (జంట గొట్టాలది). ఒక ఎర్ల్‌గారి (అక్కడి ప్రభువుల్లో ఒక హోదా) ఎస్టేటు నుంచి వచ్చిందన్నాడు. భుజానికి ఆనించే చెక్క మడమ అడుగున బొటనవేలి గోరంత బంగారు బిళ్ళ, దాని మీద చెక్కిన కిరీటం. భూతద్దం పెట్టి చూస్తే కిరీటం మీద గుండ్లు, అంటే ముత్యాల్లాంటి గుండ్రటి బంతులు, నాలుగే. ఎర్ల్ కిరీటం బొమ్మలో ఐదు కనిపిస్తాయి, నాలుగుంటే అది అంతకంటే కింది హోదా అయిన బారన్‌ది. గొట్టాలు విప్పించి అడుగున చూశాను. అక్కడొక నంబరు, యాక్షన్ (తూటాను పేల్చే యంత్రభాగం) మీద ఇంకో నంబరు. గొట్టాలు తరవాతెప్పుడో మార్చారన్నమాట. కాగితాలేమైనా ఉన్నాయా అంటే లేవన్నాడు. అంతదూరం రైల్లో వెళ్ళినందుకు మనసు చివుక్కుమంది.

పాత వేట తుపాకుల కోసం ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది, దుకాణాల కంటే వేలానికి ముందు జరిగే ప్రదర్శన చాలా మేలు. నచ్చినదాన్ని చేతిలోకి తీసుకోవచ్చు, తెరిచి చూడొచ్చు. గొట్టం గోడ ఎంత మందం ఉందో, మడమ ఎంత పొడవుందో కొలిచి కేటలాగులో వేస్తారు. నేనొక రోజంతా అక్కడే ఉండిపోయాను. కొనాలంటే మాత్రం మామూలుగా షాట్‌గన్ సర్టిఫికెట్ (అక్కడి పోలీసులిచ్చే అనుమతి పత్రం) కావాలి. వందేళ్ళు దాటినా సరే, ఈనాటి పన్నెండు బోరు తూటా పట్టేదైతే చట్టం వదలదు.

లండన్‌లో సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌లోని, వేట తుపాకులు చేసే పర్డీ దుకాణం తప్పక చూడాలి. 1880ల నుంచి అక్కడే ఉంది. మన వైస్రాయ్ రిపన్ కొడుకు, రెండో మార్క్విస్, ఇంగ్లండ్‌లోకెల్లా గొప్ప గురికాడని పేరుపడ్డవాడు. పైకి కనిపించే సుత్తులు (తూటాను పేల్చడానికి వెనక్కి లాగే మీటలు) లేని తుపాకులు వచ్చాక కూడా ఆయన పర్డీ సుత్తి తుపాకులనే నమ్ముకున్నాడు. 1923లో వేట మైదానంలోనే ప్రాణం వదిలాడు. ఏ నంబరు తుపాకీ ఎవరికోసం చేశారో పర్డీ పాత లెడ్జర్లలో రాసి ఉంటుంది. బిళ్ళ మీది కిరీటాన్ని ఎవరైనా ఎప్పుడైనా చెక్కించుకోవచ్చు. నాకు ఆ లెడ్జరులోని ఒక్క పంక్తే ముఖ్యం.

లీడ్స్‌లోని ఆయుధాల మ్యూజియం రాయల్ ఆర్మరీస్‌కు ప్రవేశ రుసుము లేదు, వేట ఆయుధాలకు విడిగా గ్యాలరీయే ఉంది. అన్నీ అద్దాల వెనకే కాబట్టి చేతికి బరువు తెలియదు. కంటికి మాత్రం పండగే.

చివరిగా సఫోక్‌లోని ఎల్వెడెన్. పంజాబ్ సిక్కు రాజ్యపు చివరి రాజు మహారాజా దులీప్ సింగ్ 1863లో ఈ ఎస్టేటు కొని వేటకు పేరు మోసేలా చేశాడు. ఆయన ఉన్న భవనం, ఎల్వెడెన్ హాలు లోపలికి సందర్శకులను రానివ్వరు. చర్చి ఆవరణలో ఆయన సమాధి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బస మాత్రం పక్కనున్న థెట్‌ఫర్డ్‌లో పెట్టుకోండి. నేను దిగిన పాత సత్రంలో మెట్లు ఇరుకు, గది వెచ్చన. అక్కణ్ణుంచి ఎల్వెడెన్‌కు టాక్సీలో వెళ్ళాను. మర్నాడు ఏన్షంట్ హౌస్ మ్యూజియం చూడండి. దులీప్ సింగ్ కొడుకు ఫ్రెడరిక్ ఆ ఊరికి ఇచ్చేసిన ఇల్లు అది.