నక్షత్రకుణ్ణి చూసి డ్రామా మాట్లాడుకోండి

కర్నూలు కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ దుకాణానికి పేరంటూ లేదు. "ఇచ్చట పౌరాణిక నాటకముల డ్రెస్సులు, తెరలు అద్దెకు ఇవ్వబడును" అని రాసిన రేకు బోర్డే గుర్తు. ఊరి కళాకారులే ఆడుకునేటట్లయితే సామాను మాత్రం ఇస్తారు. లేదంటే ఆర్టిస్టులు, హార్మోనిస్టు, డోలక్, మేకప్‌తో సహా డ్రామా మొత్తం కాంట్రాక్టుకు ఒప్పుకుంటారు. సామాను ఫర్వాలేదు. కాంట్రాక్టుకైతే జిల్లా దాటి వచ్చినా దండగ లేదు.

కారణం యజమానే. ఈయన కృష్ణుడూ కాదు, హరిశ్చంద్రుడూ కాదు. హరిశ్చంద్రలో నక్షత్రకుడు, కాలకౌశికుడు, శ్రీకృష్ణ రాయబారంలో అశ్వత్థామ, వికర్ణుడు... పక్క వేషాలతోనే వయసంతా గడిపి, తర్వాత తెరలు కొని కాంట్రాక్టరు అయ్యారు. పెద్ద వేషగాడు డ్రామా కడితే తన పద్యాలు పెంచుకుంటాడు, మిగతా వేషాలకు దొరికినవాణ్ణి పట్టుకొస్తాడు. ఈయన పద్ధతి దీనికి తలకిందులు. కాటి సీనులో కాటి యజమాని వీరబాహుకు నోరు లేకపోతే హరిశ్చంద్రుడు ఎంత బాగా పాడినా సీను లేవదని ఎరిగిన మనిషి కాబట్టి, చిన్న వేషాలకే ముందు మనుషుల్ని ఖాయం చేస్తారు. ఇప్పటికీ నక్షత్రకుడు తనే వేస్తారు. అప్పు కోసం పీడించేటప్పుడు అరవరు. చేతికర్ర నేలకు ఆనించి, హరిశ్చంద్రుడి పద్యం అయిపోయేదాకా గోళ్లు చూసుకుంటూ నిలబడతారు. జనం నవ్వేది అక్కడే. సిరివెళ్లలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా స్టేజీ వదల్లేదు. ఈ ప్రాంతపు క్యారెక్టర్ ఆర్టిస్టులకు ఆ పట్టు ఎక్కువేమో.

మాట్లాడుకునేటప్పుడు 'ఎంతకు వస్తారు' కంటే ముందు 'ఎంతమంది కృష్ణులు' అని అడగండి. రాయబారం అంటే మన వైపు ఒక్క కృష్ణుడితో సరిపెట్టరు. కృష్ణుడు నిద్రలో ఉండగా అర్జునుడు, దుర్యోధనుడు వచ్చే పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు ఇంకొకరు. ఇద్దరి శ్రుతీ కనుక్కోవాలి. ఒకటో కృష్ణుడు ఐదు శ్రుతిలో, రెండో కృష్ణుడు నాలుగున్నరలో పాడితే మామూలు హార్మోనియం పెట్టె మీద హార్మోనిస్టు మెట్లన్నీ మార్చి వాయించాలి. చెయ్యి తిరగనివాడైతే పద్యం ఎత్తుగడలోనే తేలిపోతుంది. మెట్లు మార్చకుండానే శ్రుతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ పెట్టె ఉంటే ఈ బాధ తప్పుతుంది. ఈ దుకాణంలో అది ఉంది, కానీ అడిగితేనే వస్తుంది. ఇంకో సంగతి: ఇక్కడి హార్మోనిస్టు రాగం అందించి ఆగుతాడు, పాడేవాడి మీద పడడు. ఆర్టిస్టుల్లో ఎవరైనా మారినా సరే, హార్మోనిస్టు మాత్రం మారకూడదని కాగితం మీద రాయించుకోండి.

చింతామణి నాటకం అడగొద్దు. 2022 జనవరిలో ప్రభుత్వం నిషేధించాక ఆ బుకింగు తీసుకోవడం లేదని ముందే చెప్పేస్తారు. హరిశ్చంద్రకైతే లోహితాస్యుడి వేషానికి పిల్లాణ్ణి ఊరివాళ్లే చూసుకోవాలి. కాటి సీను వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది. మధ్యాహ్నం నిద్రపుచ్చని పిల్లాడు శవంగా పడుకోవాల్సిన చోట నిజంగానే నిద్రపోయి, చంద్రమతి ఏడుపుకు ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు.

ఇక తెరలు. ముందు తెర, వీధి, దర్బారు, అడవి, అంతఃపురం. దర్బారు తెరకు ఈమధ్యే రంగులు వేయించినట్టున్నారు, స్తంభాల నీడలు కూడా తేలుతున్నాయి. అడవి తెర మాత్రం మడతల దగ్గర రంగు పొలుసులుగా లేచింది. చుట్టాల్సిన తెరను మడిచి పెట్టెలో కుక్కితే ఇంతే. సామాను తీసుకునే రోజు ప్రతి తెరా విప్పించి చూడండి, కింది కర్ర వంకర లేకుండా ఉందో లేదో కూడా. స్టేజీ లోతు 20 అడుగులకు తగ్గితే మూడు తెరలకు మించి కట్టకండి. ఒకదానికొకటి రాసుకుని, లాగేటప్పుడు తాడు చిక్కుకుంటుంది. ఆరుబయట గాలికి తెర తెరచాపలా ఉబ్బి దుర్యోధనుణ్ణి ముందుకు నెడుతుంది. కింది కర్రకు రెండు కొసలా ఇసుక మూటలు కట్టాలి. ఆ గోతాలు వాళ్లు తేరు, మనమే సిద్ధం చేసుకోవాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజంవాళ్ల మాయలు, గాల్లో తేలడాలు ఇక్కడ ఆశించొద్దు.

డ్రెస్సుల్లో ముఖమల్ అంగరఖాలు చూడ్డానికి బాగున్నా చంకల దగ్గర చెమట వాసన పోలేదు. చమ్కీ పని ఉన్నవి ఉతకడానికి కుదరదు, తిరగేసి ఎండలో వేయాలి. సీజన్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా పోతుంటే ఆ ఎండ ఎప్పుడు తగలాలి? లోపల పలచటి బనియన్ వేసుకోవడం తప్పదు. కిరీటం కొలత ఉత్త తలకు చూడొద్దు. విగ్గు పెట్టాకే చూడాలి, లేకపోతే పద్యం చివర తల ఊపగానే పక్కకు ఒరుగుతుంది. మేకప్ మనిషి చెయ్యి నెమ్మది. ఎనిమిది మందికి ఒక్కడే కాబట్టి తెర లేచే వేళకు మూడు గంటల ముందే కూర్చోబెట్టండి. గడ్డం నున్నగా గీసుకుని రాకపోతే గమ్ పట్టదు, చెమటకు మీసం ఒక కొస లేస్తుంది. డ్రామా అయ్యాక మీసం పీకొద్దు, కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు ఆగితే అదే ఊడొస్తుంది.

మైకు సెట్టు వీళ్ల కాంట్రాక్టులో లేదు. స్టేజీ ముందు భాగాన పైనుంచి మూడు మైకులు వేలాడదీసి, బాక్సులు వాటికంటే ముందుకు, జనం వైపు తిప్పి పెట్టించండి. వెనక పెడితే ఆలాపన ఎత్తినప్పుడల్లా కుయ్యిమంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండుగ రోజుల సడలింపు ఉందేమో పోలీసు స్టేషన్లో ముందే కనుక్కోవాలి. లేదంటే సాయంత్రం ఆరున్నరకే తెర లేపేలా మూడు గంటల డ్రామా అడగండి. ఏ పద్యాలు తీసేస్తున్నారో పట్టీ రాయించుకోండి. 'వన్స్ మోర్'లు మొదలైతే ఆ మూడు గంటలూ నాలుగవుతాయి, అప్పుడు కోత పడేది చివరి సీనుకే.

డబ్బు దగ్గర పేచీ లేదు. మూడో వంతు అడ్వాన్సు, మిగతాది మేకప్‌కు కూర్చునే ముందు. ఆ మిగతాది చేతిలో పడేదాకా యజమాని అచ్చం నక్షత్రకుడే. స్టేజీ మీద జనం ఇచ్చే డబ్బు, అంటే చదివింపులు, ఆర్టిస్టులవా, గుడి కమిటీవా అన్నది మాత్రం ఆయన తనంతట తాను ఎత్తరు. అడ్వాన్సు ఇచ్చే రోజే తేల్చుకోండి. బండి బాడుగ, ఆర్టిస్టుల రాత్రి భోజనం మన ఖర్చే. పాడేవాళ్లకు పెరుగన్నం పెట్టకండి, డ్రామాకు ముందు వాళ్లు ముట్టరు.