వియన్నా గోల్డెన్ హాల్‌లో నిలబడే టికెట్: చాలా సీజన్ల తర్వాత

వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్ అనే కచేరీ భవనంలో గోల్డెన్ హాల్ ఎలా ఉంటుందో కొత్త సంవత్సరం కచేరీ పుణ్యమా అని టీవీలో అందరూ చూసిందే. బంగారు పూత, స్త్రీ విగ్రహాలు, పూల అలంకారం సంగతి వదిలేద్దాం. ఇక్కడ చెప్పేది ఆ హాల్లో చౌకగా దొరికే చోటు గురించి. కింది అంతస్తులో కుర్చీల వరసలన్నీ అయిపోయాక, వెనక గోడ వైపు, కమ్మీ వెనక నిలబడే జాగా ఒకటుంది. జర్మన్‌లో స్టేపార్టెర్ అంటారు. సుమారు 300 మంది పడతారు. చాలా సీజన్లు అక్కడ నిలబడి విన్నాక తేలిందేమిటంటే, ఆర్కెస్ట్రా మంద్రస్థాయిని ఇంత నిండుగా వినిపించే చోటు ఆ ఊళ్ళో నాకు ఇంకొకటి దొరకలేదు.

దానికి కారణం ఉంది. ఈ హాల్లో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా తన డబుల్ బేస్‌లను (వయొలిన్‌లాంటివే, కానీ మనిషంత ఎత్తుండి అతి మంద్రంగా మోగేవి) ఓ పక్కకు సర్దదు. వేదిక చిట్టచివర, ఆర్గాన్ కింద, అన్నిటినీ ఒకే వరసలో నిలబెడుతుంది. స్టేపార్టెర్ సరిగ్గా దానికి ఎదురు కొస. హాలు పొడవు 48.8 మీటర్లు, వెడల్పు 19.1 మాత్రమే, ఎత్తు 17.75. అగ్గిపెట్టె ఆకారం. పక్క గోడలు దగ్గరగా ఉండడంతో వాటికి తగిలిన ధ్వని అసలు ధ్వని వెన్నంటే చెవిన పడుతుంది. అందుకే ఎంత వెనక నిలబడినా నాదం పలచబడదు. పైగా చెక్క నేల, దాని కింద బోలు. వీణకు కుండ ఎలాగో ఈ హాలుకు ఆ ఖాళీ అలాగ. కుర్చీలో కూర్చుంటే ఇది అంతగా తెలియదు, నిలబడితే పాదాలకు తెలుస్తుంది. బ్రామ్స్ మొదటి సింఫనీ ఆరంభంలో టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డోళ్ళు), డబుల్ బేస్‌లు ఒకే స్వరాన్ని పట్టుకుని మోగిస్తూ ఉంటే ఆ అదురు మడమల్లోంచి పైకి పాకుతుంది. ఈ ఆర్కెస్ట్రా టింపనీలకు నేటికీ మేకతోలే బిగిస్తారు. ప్లాస్టిక్ పొర మీద పడే దెబ్బ చురుక్కుమంటుంది, తోలు మీద పడింది గుండ్రంగా విచ్చుకుంటుంది. ఆ తేడా ఈ వెనక వరసకు కూడా చెక్కుచెదరకుండా వస్తుంది.

టికెట్ కొనేముందు ఒక సంగతి తెలియాలి. హాలు ఒకరిది, కచేరీ ఇంకొకరిది కావచ్చు. భవనం 1812లో ఏర్పడిన సంగీత మిత్రుల సంఘానిది. వాళ్ళు సొంతంగా కచేరీలు పెడతారు, హాలును ఇతరులకు అద్దెకూ ఇస్తారు. అంటే టికెట్ మీద మ్యూజిక్‌ఫెరైన్ అని ఉన్నంత మాత్రాన వాయించేది ఫిల్హార్మోనిక్ కాదు. ముందు నిర్వాహకులు ఎవరో చూసి, వాళ్ళ సొంత సైట్‌లోనో కౌంటర్‌లోనో కొనాలి. ఫిల్హార్మోనిక్ చందా కచేరీలు (సీజన్ మొత్తానికి ముందే టికెట్లు కట్టుకున్నవాళ్ళకు పెట్టేవి) శనివారం మధ్యాహ్నం 3:30కి, ఆదివారం ఉదయం 11కి జరుగుతాయి. వాటి చందాల కోసం జనం ఏళ్ళ తరబడి వరసలో ఉంటారు కాబట్టి విడిగా సీటు దొరకడం అదృష్టం. వియన్నా సింఫనీ అనే ఇంకో ఆర్కెస్ట్రా, బయటి ఊళ్ళ ఆర్కెస్ట్రాలు వాయించే రోజుల్లో నిలబడే టికెట్ అంత కష్టం కాదు.

ఈ టికెట్‌కు చోటు అంకె ఉండదు, ముందొచ్చిన వాళ్ళదే కమ్మీ. ముప్పావుగంట ముందే చేరి, కోటు, గొడుగు, వీపు సంచి క్లోక్‌రూంలో ఇచ్చేసి తలుపు దగ్గర ఉండాలి. కమ్మీకి ఆనుకునే చోటు దొరికితే చూపు, నడుముకు ఆసరా రెండూ దక్కుతాయి. రెండో వరసలో పడితే పొడుగైనవాళ్ళకే వేదిక కనిపిస్తుంది. మూడో వరసలో ఎదుటివాళ్ళ మెడలు తప్ప ఏమీ ఉండదు. కడుపు ఖాళీగా వెళ్ళకూడదు. గాలి ఆడని గుంపులో మోకాళ్ళు బిగబట్టుకుని కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి కళ్ళు తిరుగుతాయి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ ఉండాలి.

ఇదే హాలు బొమ్మ చూసి మోసపోయిన సాయంత్రం కూడా ఒకటుంది. ఆగస్టులో పెద్ద కుటుంబంతో వెళ్ళినప్పటి మాట. కేథడ్రల్ దగ్గర విగ్గు, ఎర్ర కోటు వేసుకుని టికెట్లమ్మే మనిషి చూపించిన కాగితం మీద గోల్డెన్ హాల్ ఫోటో. చేతికొచ్చిన టికెట్ మీద వేరే హాలు పేరు. హాలు మారవచ్చని అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ‘ఏ’ కేటగిరీ అంటే ముందు సీట్లని చెప్పాడు. తీరా వెళ్తే ఆ కేటగిరీ సగం హాలు దాకా ఉంది, సీటు అంకెలు లేవు, పావుగంట ముందు వెళ్ళినవాళ్ళకు మిగిలింది స్తంభం పక్క. వాయించింది పన్నెండు మంది. మొజార్ట్ 40వ సింఫనీలో నాలుగు భాగాలుంటే మొదటిది మాత్రమే. ‘అయినె క్లైనె నాఖ్ట్‌మ్యూజిక్’ అని అందరికీ తెలిసిన ఆయన సెరినేడ్‌కూ నాలుగే, అందులోనూ మొదటిదే. పల్లవి పాడి, చరణం ఎత్తకుండా మంగళం పాడేసినట్టు. వాయించినవాళ్ళలో లోపం లేదు, శుద్ధంగా వాయించారు. కృతుల్ని అలా తుంచి పేర్చిన తీరే బాధించింది.

ఆగస్టులోనే ఇలా జరగడం కాకతాళీయం కాదు. జూలై, ఆగస్టుల్లో స్టేట్ ఒపేరా మూతపడుతుంది, ఫిల్హార్మోనిక్ సాల్జ్‌బర్గ్ ఉత్సవానికి వెళ్తుంది. ఊళ్ళో పర్యాటకులు కిటకిటలాడే ఆ రెండు నెలల్లో సాయంత్రం వినడానికి ఎక్కువగా మిగిలేవి ఈ వేషధారణ కచేరీలే. అలాంటి టికెట్ కొనక తప్పకపోతే మూడు అడగాలి: హాలు పేరు టికెట్ మీద అచ్చయి ఉందా, సీటుకు అంకె ఉందా, కార్యక్రమంలో పూర్తి కృతి ఒక్కటైనా ఉందా. మూడోదానికి జవాబు తడబడితే డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు. మన పిల్లల వేసవి సెలవులకు వెళ్ళేవాళ్ళు జూన్ ఆఖరులోపు చూసుకుంటే ఈ గొడవే ఉండదు, అప్పటికింకా సీజన్ నడుస్తూనే ఉంటుంది.

పైన మంద్రం గురించి రాసినదానికి కొంత చేర్చాలి. బయటి ఆర్కెస్ట్రాలు చాలావరకు డబుల్ బేస్‌లను కుడి పక్కన పెట్టుకుంటాయి. అప్పుడు పాదాలకు తెలిసే ఆ అదురు సగానికి సగం తగ్గుతుంది. స్టేపార్టెర్ నెత్తిన బాల్కనీ ఉంది కాబట్టి పైకప్పు నుంచి దిగే ధ్వని కొంత అక్కడే ఆగిపోతుంది. వయొలిన్ల తారస్థాయి మెరుపు బాల్కనీ ముందు వరసల్లో వినిపించినంతగా ఇక్కడ వినిపించదు. ఒంటరి పియానోకూ, పాటకూ ఈ చోటు నప్పదు, ఎదుటి మనిషి ముఖం, చేతులు కనబడాలి కదా. నాలుగు వాద్యాల బృందాలకైతే ఊళ్ళోని ఇంకో కచేరీ భవనం కన్సర్ట్‌హౌస్‌లోని మొజార్ట్ హాల్ మేలు. అక్కడ 704 సీట్లే, దూరమన్నది ఉండదు.

బ్రూక్‌నర్ 8వ సింఫనీ 1892లో మొదటిసారి వినిపించింది ఈ హాల్లోనే. ఇక్కడ వినాలన్న ఆశ సహజం. కానీ అది దాదాపు 80 నిమిషాలు, సాధారణంగా మధ్యలో విరామం ఉండదు. మొదటిసారి నిలబడేవాళ్ళు దానితో మొదలుపెట్టకండి. విరామానికి ముందు ఒక కాన్సెర్టో (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కృతి), తర్వాత బ్రామ్స్ సింఫనీ ఉన్న రోజు ఎంచుకోండి. ఆయన రెండోదీ మూడోదీ కూడా ఈ గోడల మధ్యే పుట్టాయి.

నా మోకాళ్ళు ఇంకా సహకరిస్తున్నాయి, రెండేళ్ళకోసారైనా అటు వెళ్ళే వీలుంది, ఒక కచేరీ తప్పితే ఇంకోటి దొరుకుతుంది. కాబట్టి నాకు ఈ టికెట్‌కు మించింది లేదు. జీవితంలో ఒక్కసారి, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఇదే చెప్పలేను. వాళ్ళకు కుర్చీలే కొనండి. అవి దొరక్కపోతే, ఆదివారం 11కి ఆగస్టీనర్ చర్చిలో ఆర్కెస్ట్రా, గాయక బృందం కలిసి హైడెన్, మొజార్ట్, షూబర్ట్ మాస్‌లలో (చర్చి ప్రార్థనకు కట్టిన సంగీతం) ఒకదాన్ని ప్రార్థనలో భాగంగా వినిపిస్తారు. ప్రవేశం ఉచితం, కానుక పళ్ళెం వస్తుంది. బల్లల మీద చోటు కావాలంటే పదిన్నరకే వెళ్ళాలి. ప్రార్థన జరిగేటప్పుడు చప్పట్లు కొట్టకూడదు, ఫోటోలు తీయకూడదు.