చేతిరాత పహాణీ, కంప్యూటర్ పహాణీ: భూమి రికార్డుకు ఏది మేలు?

సమాచార వ్యవస్థ అనగానే కంప్యూటర్ గుర్తుకు వస్తుంది గాని, కంప్యూటర్ రాకముందే మన కార్యాలయాల్లో అది ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో భూమి దస్తావేజుకు రెండు సూచికలు రాసేవారు. ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి వివరాల మీద నడుస్తుంది. అమ్మినవారి పేరు తెలిసినా, సర్వే నంబరు తెలిసినా అదే దస్తావేజు దొరుకుతుంది. నేటి డేటాబేస్ చేసే పని కూడా మూలంలో ఇదే. అందువల్ల చేతిరాత రికార్డును, కంప్యూటర్ రికార్డును పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు, తప్పు పడితే అది ఎవరి కంటికి కనబడుతుంది, దాన్ని దిద్దే అధికారం ఎవరికి ఉంది అన్న ప్రశ్నలే నాకు ముఖ్యంగా తోస్తాయి.

వెతుకులాట విషయంలో వాదనే లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించడం మొదలైన తర్వాత, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కోసం పాత సంపుటాలను ఒక్కొక్కటిగా తిరగేయాల్సిన పని తగ్గింది. ఈ ఒక్క లెక్కలో కంప్యూటరే మేలు.

ఇక చేతిరాత పహాణీకి, అంటే ఊళ్లో ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది ఏటా రాసే రికార్డుకు, ఉన్న బలాన్ని తక్కువగా చూడకూడదు. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు మరో గడి, పంటకూ నీటి వనరుకూ వేరే గడులు ఉండేవి. పట్టా ఒకరి పేరున ఉండి సాగు మరొకరు చేస్తుంటే ఆ సంగతి కాగితం మీదే తెలిసేది. ఏ ఏడాది పహాణీ ఆ ఏడాదిదిగా మిగిలేది. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీని, అంతకుముందటి, సర్వే నాటి తొలి రికార్డైన సేత్వార్‌ను నేటికీ వివాదాల్లో ముందు పెడుతున్నారంటే, పాతదాన్ని చెరిపేయకుండా కొత్తది రాసిన ఆ పద్ధతి గొప్పదనమే కారణం. కొట్టివేత కనబడుతుంది, సిరా రంగు మారితే కనబడుతుంది, చేతిరాత మారినా కనబడుతుంది. అయితే ఆ పుస్తకం ఒక మనిషి గుప్పిట్లో ఉండేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, పటేల్-పట్వారీ పదవులను రద్దు చేయడం వెనుక, ఊరి భూమి సమాచారమంతా కొద్ది కుటుంబాల చేతిలో ఉండిపోయిందన్న ఆవేదన ఉంది. ఆ ఆవేదన న్యాయమైనదే. తన పొలం గురించి ఏం రాసి ఉందో తానే చూడలేని రైతుకు ఆ పుస్తకం ఎంత చక్కగా రాసి ఉంటే మాత్రం ఏం లాభం?

కంప్యూటర్ పద్ధతుల్లోనూ అన్నీ ఒకటి కావు. కర్ణాటకలో ‘భూమి’ పథకం దాదాపు 2 కోట్ల రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించి, తాలూకా కేంద్రంలో 15 రూపాయలకు ప్రతి ఇచ్చే ఏర్పాటు చేసింది. నాకు అంతకంటే విలువైనవిగా కనిపించేవి వేరే రెండు ఉన్నాయి. అధికారి వేలిముద్ర వేస్తేనే మార్పు నమోదవుతుంది కాబట్టి ఎవరు మార్చారన్నది దాగదు. మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్పు) దరఖాస్తులను వచ్చిన వరుసలోనే చూడాలన్న నియమం ఉన్నందువల్ల పలుకుబడి ఉన్నవారి కాగితం ముందుకు జరగదు. అభ్యంతరాల కోసం నోటీసు గడువును కూడా వారు తీసేయలేదు.

తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ప్రారంభమైన ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్ మరో దారి పట్టింది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ కార్యాలయంలో ఒకే పూట ముగిసేవి. పూర్వం రిజిస్ట్రేషన్ ఒకచోట, మ్యుటేషన్ ఇంకోచోట జరగడం వల్ల, ఆ మధ్య కాలంలో అదే భూమిని మరొకరికి అమ్మే మోసాలకు సందు ఉండేది. ఆ సందును మూసిన మేలు ధరణిది, దాన్ని కాదనడం అన్యాయం. కానీ లోపలికి వెళ్లిన సమాచారం 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో తేలినది. వివాదం ఉందని పార్ట్-బిలో పెట్టిన భూములకు పాసుపుస్తకం రాలేదు, అనుభవదారు గడి తొలగిపోయింది. ఒక సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా, నంబరు మొత్తం రిజిస్ట్రేషన్ కుదరని నిషేధిత జాబితాలోకి చేరిన సందర్భాలు వచ్చాయి. ఎదురుగా కూర్చున్న తహసీల్దార్‌కు ఆ తప్పు తెలిసినా దిద్దే అధికారం లేక, దరఖాస్తు జిల్లా కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చేది. 1971 నాటి భూమి హక్కుల రికార్డు చట్టంలో ఆర్డీవోకు (రెవెన్యూ డివిజన్ అధికారికి) అప్పీలు చేసుకునే వీలుండగా, ధరణికి ఆధారమైన 2020 చట్టం దాన్ని ఉంచలేదు. తప్పు ఒక మాటదే అయినా రైతు సివిల్ కోర్టు మెట్లు ఎక్కాల్సిన స్థితి అది. ఈ లోపం యంత్రానిది కాదనీ, ఎవరికి ఏ గడి తెరుచుకోవాలో ముందే నిర్ణయించిన రూపకల్పనదనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి ఈ విషయంలో మెరుగు. కొత్త చట్టం అప్పీలును రెండు అంచెల్లో తిరిగి తెచ్చింది, దిద్దుబాటు అధికారాన్ని తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ల మధ్య పంచింది. రాష్ట్రమంతటా ఒక్కసారిగా తెరవకుండా మద్దూరు, లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్ మండలాల్లో ముందుగా అమలు చేసి చూశారు. లక్షలాది ఖాతాలున్న వ్యవస్థను కట్టేవారికి ఇది సరైన పద్ధతి, ఎందుకంటే నాలుగు మండలాల్లో బయటపడే తప్పును నాలుగు మండలాల్లోనే దిద్దవచ్చు.

కాబట్టి నన్ను ఎంచుకోమంటే కంప్యూటర్ రికార్డునే ఎంచుకుంటాను, చేతిరాత పహాణీలోని రెండు గుణాలు దానిలోకి వచ్చిన షరతు మీద: పాత నమోదు చెరగకుండా పక్కనే కనబడాలి, సాగులో ఉన్న మనిషికి ఒక గడి ఉండాలి. అప్పీలు, వరుస నియమం, వేలిముద్ర అన్నవి వీటికి తోడు కావాలి. ఇవేవీ లేని తెర కంటే, నలుగురూ చూడగలిగిన పాత పుస్తకమే నయం.

వీటన్నిటిలోనూ లోటుగా మిగిలినది పటం. పహాణీలో ఎకరాలు, గుంటలు ఉంటాయి గాని గట్టు ఎక్కడుందో ఉండదు. అది సర్వే శాఖ దగ్గరి కొలతల కాగితమైన టిప్పన్‌లోనూ, గ్రామ నక్షా (పటం)లోనూ విడిగా ఉంటుంది. ఒక సర్వే నంబరు అన్నదమ్ముల మధ్య మూడు నాలుగు ముక్కలైతే విస్తీర్ణాలు పహాణీలో మారతాయి, నక్షా మీద గీత మారదు. భూభారతి చట్టం రిజిస్ట్రేషన్‌కు సర్వే పటాన్ని జతచేయాలన్న ఏర్పాటును అందుకే తెచ్చింది. దాన్ని అమలు చేయాలంటే కొలతకు చాలినంత మంది సర్వేయర్లు కావాలి, వారి పటం వచ్చేదాకా రైతు అమ్మకం ఆగకూడదు. ఈ రెండింటినీ కలిపి నడిపినప్పుడే తెర మీద కనబడే గుంటలు పొలంలో కూడా కనబడతాయి.